ఛాయాచిత్రములు – అన్వేషణ యంత్రములు

ఈ కాలమున ఒక ఊరిని గూర్చియో, ఒక కట్టడమును గూర్చియో, ఒక పాఠశాలను గూర్చియో తెలిసికొనగోరు వాడు ముందుగా గ్రంథాలయమునకు పోవుట లేదు. చేతిలోని ఫోనును తెరచి, గూగుల్ వంటి అన్వేషణ యంత్రమునకు రెండు మూడు మాటలు వ్రాసి చూపుచున్నాడు. ఆ యంత్రము తీసి చూపినదే అతనికి ఆ ఊరు. అది చూపనిది ఎంత గొప్పదైనను అతని దృష్టిలో లేనట్లే. ఇది మంచిదా, చెడ్డదా యను చర్చ ఇచట పెట్టుకొనము. ఉన్న స్థితి ఇది.

తెలుగు రాష్ట్రములకు వెలుపల తరతరములుగా కాపురమున్న మనవంటి వారికి ఈ స్థితి వలన ఒక చిక్కు గలదు. షోలాపూరు నేతవారి మగ్గములు, బరంపురపు వీధులు, హోసూరు చుట్టుపట్ల పల్లెలు, మదురై తంజావూరులలో నాయకరాజులు విడిచిపోయిన కట్టడములు – వీని ఛాయాచిత్రములు సంఘముల యొద్దను, పాఠశాలల యొద్దను, ఇండ్లలోని పాత పెట్టెలలోను ఎన్నో యున్నవి. వానిలో కొన్ని అంతర్జాలమునకు ఎక్కినవి కూడ. అయినను తెలుగున వెదకిన వానికి అవి కంటబడుట అరుదు. బొమ్మలకు తోడుగా మాటలు లేకపోవుటయే ఇందులకు ముఖ్యకారణమని మా యభిప్రాయము. ఆ మాటలను ఎట్లు చేర్చవలెనో, బొమ్మను ఏ కొలతలో ఉంచవలెనో ఈ వ్యాసమున విద్యార్థులకును, సంఘపు పనులు చూచుకొను పెద్దలకును తెలియజెప్పదలచితిమి.

మొదట యంత్రము బొమ్మను ఎట్లు చూచునో తెలిసికొనవలెను. అంతర్జాల పుటలలో బొమ్మను వ్రాతనడుమ నిలుపు పద్ధతిని 1993వ సంవత్సరమున మార్క్ ఆండ్రీసన్ అను అమెరికా యువకుడు సూచించెను. అటుపిమ్మట కొన్నియేండ్ల వరకు అన్వేషణ యంత్రములు వ్రాతను మాత్రమే వెదకి యిచ్చుచుండెడివి. 2000వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున జెన్నిఫర్ లోపెజ్ అను గాయని గ్రామీ బహుమానముల సభకు ఒక ఆకుపచ్చని దుస్తు ధరించి వచ్చెను. ఆ దుస్తును చూడగోరి జనులు గూగుల్‌లో వెదకిన వెదకులాటకు అంతకుముందు సాటి లేదని ఆ సంస్థకు చిరకాలము పెద్దగానున్న ఎరిక్ ష్మిట్ తరువాతి కాలమున వ్రాసెను. జనులు అడిగినది బొమ్మ. యంత్రము ఇచ్చినది వ్రాత. ఈ కొరత తీర్చుటకే 2001 జూలైలో బొమ్మల అన్వేషణ ప్రారంభమయ్యెను. నాటికి దానిలో చేరిన బొమ్మలు సుమారు 25 కోట్లు. ఒక దుస్తు ఇంతపని చేసినదా యని నవ్వుకొనువారు నవ్వుకొనవచ్చును గాని, అవసరము ఏ రూపమున వచ్చి తలుపు తట్టునో ముందుగా చెప్పుట కష్టము.

ఆనాటి యంత్రము బొమ్మను చూడలేదు. బొమ్మకు చుట్టునున్న మాటలను చదివి, ఈ బొమ్మ దీనికి సంబంధించినదై యుండునని ఊహించెడిది. నేటి యంత్రములు కొంతవరకు చూడనేర్చినవి. గోపురమును గోపురమనియు, ఏనుగును ఏనుగనియు గుర్తింపగలవు. ప్రసిద్ధమైన కట్టడమైనచో పేరుకూడ చెప్పగలవు. కాని మన ఊరి వీధి కొసనున్న చిన్న గుడిని ఎవరు కట్టించిరో, పాత ఛాయాచిత్రమున కుర్చీలో కూర్చున్న తలపాగా పెద్దమనిషి ఎవరో, ఆ వెనుకనున్న పెంకుటింటిలో ఏ సంవత్సరమున బడి నడచినదో యంత్రమునకు తెలియదు. తెలిసినవారు వ్రాసి యుంచిననే తెలియును. బొమ్మలోని రూపమును, బొమ్మకు వ్రాసిన వివరణను, పుటలోని వ్రాతను మూడింటిని కలిపి విషయము గ్రహింతుమని గూగుల్ సంస్థవారే తెలుపుచున్నారు.

ఆ వివరణకు ఆంగ్లమున ఆల్ట్ అని పేరు. మనము ప్రత్యామ్నాయ వచనము అనవచ్చును. ఇది పుటలో పైకి కనబడదు, బొమ్మవెనుక దాగియుండును. ఏ కారణముననైన బొమ్మ రానప్పుడు దాని స్థానమున ఈ మాటలు కనబడును. ఇంతకంటె ముఖ్యమైన ఉపయోగము వేరొకటి గలదు. చూపులేనివారు కంప్యూటరును వాడునపుడు తెరపైనున్న వ్రాతను పైకి చదివి వినిపించు సాధనములు గలవు. బొమ్మ వచ్చినచోట ఆ సాధనము ఈ వచనమునే చదివి వినిపించును. వచనము లేనిచో కొన్ని సాధనములు ఫైలు పేరును అక్షరము వెంబడి అక్షరముగా చదివి, వినువానిని విసిగించును. కావున ప్రత్యామ్నాయ వచనమును వ్రాయునపుడు యంత్రమును తలచుకొనుటకంటె, ప్రక్కన కూర్చున్న చూపులేని బంధువునకు బొమ్మను వర్ణించి చెప్పుచున్నట్లు తలచుకొనుట మేలు. అట్లు వ్రాసినది యంత్రమునకును సరిపోవును. కేవలము అలంకారమునకై పెట్టిన తీగ, గీత వంటి వానికి ఈ వచనమును ఖాళీగా ఉంచవలెను. ప్రతి తీగను వర్ణించినచో వినువానికి తల తిరుగును.

ఒక ఉదాహరణము చూపెదము. మదురైలో తిరుమల నాయకుడు 1636 ప్రాంతమున కట్టించిన మహలు ప్రసిద్ధమైనది. మన విద్యార్థులు విహారయాత్రకు పోయి అచట తీసిన ఒక చిత్రమును సంఘపు వెబ్‌సైటులో ఉంచిరనుకొందము. దానికి 'మహలు' అని మాత్రము వ్రాసినచో ఏ మహలో తెలియదు. 'మదురై మహలు తెలుగు రాజుల మహలు నాయకరాజుల మహలు మదురై చూడదగిన స్థలములు ఉత్తమమైన మహలు' అని వ్రాసినచో అది మరింత చెడ్డది. ఎక్కువమంది వెదకు మాటలను గుప్పించి యంత్రమును మోసపుచ్చవచ్చునను ఆశతో కొందరు ఇట్లు వ్రాయుదురు. యంత్రములు ఈ యెత్తును ఏనాడో కనిపెట్టినవి. అట్టి పుటను అవి తక్కువ చూపు చూచును. విను మనిషికి చెవి నొప్పి మిగులును. 'మదురైలోని తిరుమల నాయకుని మహలు లోపలి ముంగిలి. చుట్టును వరుసగా లావైన ఎత్తైన స్తంభములు, వానిపై కమానులు' అని వ్రాసినచో చాలును. ఒక వాక్యము, లేక రెండు చిన్నవాక్యములు. 'ఇది ఒక ఛాయాచిత్రము' అని మొదలుపెట్టుట అనవసరము. సాధనమే ఆ మాట ముందుగా చెప్పును.

అదే చిత్రము విహారయాత్రను గూర్చిన వ్యాసమున ఉన్నచో వర్ణన మారవచ్చును. అచట స్తంభములకంటె వాని నీడన కూర్చుండి పులిహోర పొట్లములు విప్పుచున్న పిల్లలు ముఖ్యులగుదురు. బొమ్మ ఆ చోట ఎందులకున్నదో ఆ సంగతినే వ్రాయవలెను.

ఇక ఫైలు పేరు. కెమెరా గాని, ఫోను గాని తీసిన బొమ్మకు తానే ఒక అంకెల పేరు పెట్టును. ఆ అంకెలవలన ఎవరికిని ఏమియు తెలియదు. అంతర్జాలమునకు ఎక్కింపకమునుపే దానిని మార్చవలెను. ఇచట తెలుగువారికి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది కలదు. ఫైలుకు తెలుగులిపిలో పేరు పెట్టవచ్చును, యంత్రము దానిని గ్రహింపగలదు. కాని అంతర్జాలపు చిరునామాలో తెలుగులిపి ఉన్నదున్నట్లుగా పోదు. యూనికోడ్‌లో 'తెలుగు' అను మాటకు ఆరు గుర్తులు – మూడు హల్లులు, మూడు స్వరచిహ్నములు. చిరునామాలో ఒక్కొక్క గుర్తునకు తొమ్మిది ఆంగ్లచిహ్నములు చొప్పున ఆ ఒక్క మాట 54 చిహ్నములగును. నాలుగు మాటల పేరు పెట్టినచో చిరునామా చేంతాడంత యగును. దానిని ఇతరులకు పంపునపుడు మధ్యలో తెగిపోవుటయు కలదు. అందువలన ఫైలు పేరు ఆంగ్లలిపిలో రెండు మూడు మాటలలో, మాటకు మాటకు నడుమ హైఫను పెట్టి, పొట్టిగా వ్రాయుట సుఖమని మా యభిప్రాయము. తెలుగును ప్రత్యామ్నాయ వచనమునను, బొమ్మక్రింది వ్యాఖ్యలోను, పుటలోని వ్రాతలోను నిండుగా వ్రాయవచ్చును. లిపి విషయమున అభిమానము చూపవలసిన చోటు అది.

బొమ్మక్రింద వ్యాఖ్య వ్రాయుట పత్రికలలో అలవాటైన పనియే. అంతర్జాలమున దాని విలువ ఇంకను హెచ్చు. బొమ్మకు దగ్గరగానున్న మాటలకు యంత్రము ప్రాముఖ్యము నిచ్చును. ఇరువది బొమ్మలను ఒక్కచోట గుమికూర్చి, పైన 'మా వార్షికోత్సవము' అను ఒక్క శీర్షిక పెట్టి విడిచినచో ఏ బొమ్మ దేనిదో యంత్రమునకే కాదు, పదియేండ్ల తరువాత మనకును తెలియదు. వ్యాఖ్యలో ఎచట, ఎప్పుడు, ఏమి యను మూడును ఉండవలెను.

'ఎచట' అనునది చెప్పినంత సులభము కాదు. మనము బరంపురమందుము; ఒడిశా ప్రభుత్వము వారు బ్రహ్మపుర అందురు; పాత ఆంగ్ల పటములలో బెర్హాంపూర్ అని యుండును. బళ్ళారిని ఆంగ్లమున చిరకాలము బెల్లారీ అని వ్రాసి, 2014లో బళ్ళారిగా మార్చిరి. మన పెద్దల నోట చెన్నపట్నము, పాత దస్తావేజులలో మద్రాసు, 1996 నుండి చెన్నై – మూడును ఒక్క ఊరే. అమెరికాలోనున్న మనుమడు ఒక పేరుతో వెదకును, ఊరిలోనున్న తాత మరియొక పేరుతో వెదకును. కావున వ్యాఖ్యలో గాని, దాని క్రింది రెండు వాక్యములలో గాని వాడుకలోనున్న పేర్లను సహజముగా కలిపి వ్రాయవలెను. 'బరంపురమున (నేటి బ్రహ్మపుర, గంజాం జిల్లా, ఒడిశా)' అన్నచో వాక్యము చెడలేదు, ఇద్దరికిని దారి దొరకినది. స్థానిక రాష్ట్రభాషలో ఒక పంక్తియు, ఆంగ్లమున ఒక పంక్తియు చేర్చుట మరింత మంచిది. ఇరుగుపొరుగువారు మన చరిత్రను తమ లిపిలో వెదకినను దొరకవలెను గదా.

మాటలు యంత్రమునకు అందవలెనన్న అవి మాటలుగానే యుండవలెను. ఈ సంగతి మనవారు తరచుగా ఏమరుచున్నారు. ఉత్సవపు ఆహ్వానపత్రికను అందముగా అచ్చు వేయించి, దానిని బొమ్మగా తీసి, ఆ బొమ్మను మాత్రమే వెబ్‌సైటున పెట్టుదురు. చూచువానికి అందు తేదీ, వేళ, స్థలము అన్నియు ఉన్నవి. యంత్రమునకు అది రంగుల చుక్కల గుంపు. నేడు బొమ్మలోని తెలుగు అక్షరములను చదువు సాధనములు వచ్చిన మాట నిజమే. కాని పాత అచ్చులోని విరిగిన ఒత్తులను, అలంకారపు వ్రాతలను అవి తప్పుగా చదువుచుండును. ఆహ్వానములోని విషయమును బొమ్మ క్రింద మరల టైపు చేయుట పది నిమిషముల పని.

టైపు చేయుటలోను ఒక మెలకువ కావలెను. యూనికోడ్ వాడుకలోనికి రాకమునుపు ముద్రణాలయముల కొరకు తయారైన ఖతులు ఇప్పటికిని కొన్నిచోట్ల వాడుకలో నున్నవి. వానిలో ఆంగ్లాక్షరముల స్థానములలో తెలుగు రూపములను కూర్చియుందురు. కంటికి అది చక్కని తెలుగే. యంత్రమునకు అర్థములేని ఆంగ్లాక్షరముల వరుస. అట్టి ఖతిలో కూర్చిన పాత సంచికలను యూనికోడ్‌లోనికి మార్చిన పిమ్మటనే అంతర్జాలమునకు ఎక్కింపవలెను.

ఇంతవరకు మాటలను గూర్చి చెప్పితిమి. ఇక బొమ్మ బరువు. నేటి సాధారణమైన ఫోను తీయు చిత్రము అడ్డముగా 4000, నిలువుగా 3000 చుక్కలు గలదిగా నుండును. ఈ చుక్కలకు పిక్సెళ్ళని పేరు. మొత్తము కోటి ఇరువది లక్షలు. చుక్కకు మూడు బైట్ల చొప్పున వ్రాసినచో 3 కోట్ల 60 లక్షల బైట్లు, అనగా 36 మెగాబైట్లు కావలెను. ఫోను దానిని కుదించి మూడు నాలుగు మెగాబైట్లలో దాచును. ఈ కుదింపు వెనుకనున్న కథ మనవారు తెలిసికొనదగినది.

బెంగుళూరున ఇంజనీరింగు చదివి అమెరికాకు పోయిన నాసిర్ అహ్మద్ అను ఆచార్యుడు 1972లో, చిత్రములను కుదించుటకు ఒక గణిత పద్ధతిని ఆలోచించి, దాని పరిశోధనకు ధనసహాయము కోరెను. ఆ సహాయము లభింపలేదు. అయినను అతడు విడువక, టి. నటరాజన్, కె. ఆర్. రావు అనువారితో కలిసి పనిచేసి, 1974 జనవరిలో ఆ పద్ధతిని ప్రకటించెను. ఆ రావుగారి పూర్తిపేరు కమిశెట్టి రామమోహనరావు. చెన్నపట్నపు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివిన వారు. ఇంటిపేరే తెలుగుదనమును చాటుచున్నది. 1992లో స్థిరపడిన జేపెగ్ ప్రమాణమునకు ఈ పద్ధతియే మూలాధారము. ప్రపంచమున నేడు తీయుచున్న ఛాయాచిత్రములలో అధికభాగము ఒకప్పుడు ధనసహాయమునకు నోచుకొనని ఆ యాలోచన మీదనే నడచుచున్నది.

ఆ పద్ధతి యిట్టిది. చిత్రమును అడ్డము ఎనిమిది, నిలువు ఎనిమిది చుక్కలు గల చిన్న గడులుగా విభజింతురు. గడిలోని 64 చుక్కల వెలుగును విడివిడిగా వ్రాయుటకు బదులు, దానిని 64 విధములైన అలల మిశ్రమముగా వ్రాయుదురు. వానిలో నెమ్మదిగా మారు అలలు కంటికి ముఖ్యములు. మిక్కిలి సన్ననివి అంత ముఖ్యములు కావు. జమాఖర్చులలో పైసలను విడిచి రూపాయలను మాత్రము వ్రాసికొనినట్లు, సన్నని అలల లెక్కను ముతకగా సరిపెట్టుదురు. కన్ను దానిని పట్టుకొనలేదు; బరువు మాత్రము పదోవంతు వరకు తగ్గును. ఈ పద్ధతి ముఖములకు, ప్రకృతిదృశ్యములకు తగినది. తెల్లని కాగితముపై నల్లని అక్షరములకు తగదు. ఏలయనగా అక్షరపు అంచు పదునైనది, పదునంతయు సన్నని అలలలోనే యున్నది. జేపెగ్‌గా గట్టిగా కుదించిన తెలుగుపుటలో తలకట్టుల చుట్టు మసకలు కనబడుట ఇందువలననే. వ్రాతకును, గీతచిత్రములకును పీఎన్‌జీ అను రూపము మేలు. 2010లో గూగుల్ ప్రకటించిన వెబ్‌పీ అను రూపము జేపెగ్ కంటె సుమారు పాతిక నుండి మూడవవంతు వరకు తేలికగా నుండునని ఆ సంస్థవారి లెక్క. నేటి బ్రౌజరులన్నియు దానిని చూపగలవు.

కుదించిన తరువాతను మూడు మెగాబైట్లు ఎక్కువే. లెక్క వేసి చూడుడు. పుటలో అట్టి బొమ్మలు ఇరువది యున్నచో 60 మెగాబైట్లు. పల్లెలో సెకనుకు రెండు మెగాబిట్ల వేగముతో వచ్చు ఫోనునకు, అనగా సెకనుకు పావు మెగాబైటు చొప్పున, పుట పూర్తిగా తెరచుకొనుటకు 240 సెకనులు – నాలుగు నిమిషములు. ఎవడు కూర్చుండును? అదే బొమ్మను 1200 చుక్కల వెడల్పునకు తగ్గించినచో చుక్కల సంఖ్య పదునొకండవ వంతు అగును. బరువు 150 కిలోబైట్ల లోపల నిలుపవచ్చును. ఇరువది బొమ్మలకు మూడు మెగాబైట్లు, పండ్రెండు సెకనులు. పైనున్న బొమ్మను ముందుగా రప్పించి, క్రిందివానిని చదువరి అచటికి దిగినప్పుడు మాత్రమే రప్పించు ఏర్పాటు చేసినచో ఆ పండ్రెండును అతనికి తెలియవు. కాని పుటకు తలమానికమైన మొదటి బొమ్మకు ఈ ఆలస్యపు ఏర్పాటు పెట్టరాదు. పుటలోని ప్రధానభాగము రెండున్నర సెకనులలో కనబడినచో మంచిదని గూగుల్ ప్రమాణము. వేగము ఒక్కటియే పుటను పైకెత్తదు గాని, నత్తనడక పుటను చదువరులు విడిచిపోవుట మాత్రము నిశ్చయము.

పిల్లల చిత్రముల విషయమున ఒక హెచ్చరిక. వెదకినవానికి దొరకవలెనని ఇంతసేపు చెప్పిన మేమే, కొన్ని దొరకరాదనియు చెప్పుచున్నాము. ఫోను తీసిన చిత్రములో, ఆ యేర్పాటు తెరచియున్నచో, తీసిన చోటి అక్షాంశ రేఖాంశములు దాగియుండును. ఎక్కింపకమునుపు వానిని తొలగింపవలెను. విద్యార్థి ముఖము ప్రక్కన పూర్తిపేరు, తరగతి వ్రాయరాదు. తల్లిదండ్రుల అనుమతి లేనిదే ముఖమును ప్రకటింపరాదు. 'నాటకములో శ్రీకృష్ణవేషము ధరించిన ఐదవ తరగతి బాలిక' అన్నంతమాత్రమున ఏ లోపమును లేదు.

పాత చిత్రముల సంగతి ఇందులకు విరుద్ధమైనది. అచట పేరులే ప్రాణము. నలుపుతెలుపు సామూహిక చిత్రమును చేతికి ఇచ్చినప్పుడు, రెండవ వరుసలో ఎడమనుండి మూడవవాడు ఎవరో చెప్పగలవారు ప్రతి ఊరిలోను కొలదిమందియే మిగిలియున్నారు. వారు తొంబదియేండ్లకు చేరువలోనున్నారు. చిత్రమును అంగుళమునకు 600 చుక్కల చొప్పున స్కాను చేసి, ఆ పెద్ద ఫైలును చెక్కుచెదరకుండ భద్రపరచి, 1200 చుక్కల చిన్న ప్రతిని మాత్రము అంతర్జాలమునకు ఎక్కింపవలెను. స్కాను చేయు పని వచ్చే యేడాదియు చేసికొనవచ్చును. పేరులు వ్రాసికొను పని అట్లు కాదు. సెలవులలో విద్యార్థులు ఇద్దరిద్దరుగా పెద్దల యిండ్లకు పోయి, చిత్రమును చూపి, వరుస వెంబడి పేరులను, బంధుత్వములను, సంవత్సరమును వ్రాసికొని రావలెను. 'గుర్తులేదు' అన్నచోట ఖాళీ విడువవలెను, ఊహించి నింపరాదు. అంతర్జాలమున ఒకమారు పడిన తప్పు పేరు పదిచోట్లకు పాకును.

ఎక్కించిన బొమ్మ మరునాడే వెదకులాటలో కనబడవలెనని తొందరపడనక్కరలేదు. యంత్రము పుటను చూచిపోవుటకు కొన్ని దినములు, ఒక్కొక్కప్పుడు కొన్ని వారములు పట్టును. వెబ్‌సైటు చూచుకొనువారికి గూగుల్ సెర్చ్ కన్సోల్ అను ఉచిత సాధనము కలదు. ఏ మాటలతో వెదకినవారు మన పుటకు వచ్చిరో అది చూపును. నెలకొకమారు దానిని తెరచి చూచి, జనులు వాడుచున్న పేరు మన వ్యాఖ్యలో లేనిచో చేర్చవలెను. ఈ మార్పులలో ఫైలు పేరును, దాని చిరునామాను మాత్రము కదలింపరాదు. కదలించినచో యంత్రము పాతచోటికి పోయి, ఏమియు లేదని తిరిగిపోవును.